కాపీరైట్ బిల్లుకు ఓటేసే ముందు చందాల లెక్క చెప్పండి

వరంగల్, మహబూబాబాద్, కరీంనగర్, పెద్దపల్లి, నిజామాబాద్, ఆదిలాబాద్ లోక్‌సభ సభ్యులకు, తెలంగాణ నుంచి రాజ్యసభకు వెళ్లిన సభ్యులకు,

నమస్కారం.

మీరంతా ఒకే పార్టీ వాళ్లు కాదు. అయినా అందరికీ కలిపి ఒకటే లేఖ రాస్తున్నాను. నేను అడగబోయేది ఏ పార్టీకైనా ఒకటే కాబట్టి. మన కాపీరైట్ చట్టాన్ని మళ్లీ కదిలించే పని మొదలైంది. కృత్రిమ మేధ (ఏఐ) కంపెనీలు పుస్తకాలను, పాటలను, వార్తలను వాడుకోవడం గురించి కేంద్ర ప్రభుత్వంలోని పరిశ్రమలు, అంతర్గత వాణిజ్య ప్రోత్సాహక విభాగం (డీపీఐఐటీ) 2025 డిసెంబరులో ఒక వర్కింగ్ పేపర్ బయటపెట్టింది. ఇలాంటి పేపర్లే తర్వాత బిల్లులవుతాయి. ఆ బిల్లు సభకు వచ్చిన రోజు మీరు ఓటేస్తారు. దానికంటే ముందు, ఆ చట్టంతో లాభపడే కంపెనీల నుంచి, నష్టపోయే కంపెనీల నుంచి మీ పార్టీకి, మీ ఎన్నికల ఖర్చుకు ఎంత ముట్టిందో మీ నియోజకవర్గం ప్రజలకు బహిరంగంగా చెప్పాలి. నా కోరిక ఇదే. ఎందుకు అడుగుతున్నానో వివరంగా రాస్తాను, ఓపికతో చదవండి.

నేను హనుమకొండలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో లైబ్రేరియన్‌ని. కాపీరైట్ అనగానే అందరికీ సినిమా పైరసీ గుర్తొస్తుంది. మా దగ్గర అది వేరే రూపంలో కనిపిస్తుంది. సెమిస్టర్ పరీక్షలు దగ్గరపడితే కాలేజీ ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపులో నిలబడటానికి చోటుండదు. ఏటూరునాగారం, మహాముత్తారం, గూడూరు వైపు నుంచి వచ్చి హాస్టళ్లలో ఉండి చదివే పిల్లలు లైబ్రరీలో ఐడీ కార్డు పెట్టి రిఫరెన్స్ పుస్తకం ఒక గంటకు తీసుకెళ్తారు. ఏ పేజీ నుంచి ఏ పేజీ దాకా కావాలో చీటీ మీద రాసి పుస్తకం మధ్యలో పెడతారు. షాపతను పుస్తకాన్ని గాజు మీద బోర్లించి, అట్ట విరగకుండా ఒక చేత్తో మూత అదిమిపట్టి, రెండో చేత్తో పేజీలు తిప్పుతుంటాడు. మూడు నాలుగు పుస్తకాల్లోంచి తలా ఒక అధ్యాయం తీసి స్పైరల్ బైండింగ్ చేయిస్తే అదే వాళ్ల టెక్స్ట్‌బుక్. ముగ్గురు కలిసి ఒకటి చేయించుకుని వంతులవారీగా చదువుకుంటారు. ఆ నాలుగు పుస్తకాలూ కొనాలంటే ఒక నెల కూలి డబ్బులు పోతాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎప్పుడొస్తుందో తెలియక, కాలేజీలో సర్టిఫికెట్లు ఇస్తారో లేదో అని టెన్షన్ పడే ఇళ్ల పిల్లలు వీళ్లు.

ఈ పని దొంగతనం కాదు. 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ బోధనలో భాగంగా ఉపాధ్యాయుడు గానీ విద్యార్థి గానీ కాపీ చేసుకోవడానికి వీలిచ్చింది. ఆ వీలు నిజంగా ఎంతవరకు అన్నది ఢిల్లీ యూనివర్సిటీ ఆవరణలోని ఒక చిన్న ఫొటోకాపీ షాపు మీద తేలింది. 2012లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ ప్రచురణ సంస్థలు ఆ షాపు మీద, యూనివర్సిటీ మీద కేసు వేశాయి. నాలుగేళ్లు నడిచింది. 2016 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు సింగిల్ జడ్జి కేసు కొట్టేశారు. కాపీరైట్ దైవదత్తమైన హక్కో, సహజ హక్కో కాదని ఆ తీర్పులో రాశారు. అదే డిసెంబరులో డివిజన్ బెంచ్ కూడా బోధనకు అవసరమైనంత మేరకు కాపీ చేసుకోవచ్చని చెప్పింది. 2017 మార్చిలో ప్రచురణకర్తలు దావా ఉపసంహరించుకున్నారు. కాపీ హక్కుల సంఘం ఒకటి విడిగా వేసిన అప్పీలు వినడానికి మే నెలలో సుప్రీంకోర్టు నిరాకరించింది. మా జిరాక్స్ షాపుల్లో ఈ కేసు పేరు విన్నవాళ్లు ఉండకపోవచ్చు, కానీ వాళ్ల యంత్రాలు ధైర్యంగా తిరుగుతున్నది ఆ తీర్పు వల్లే.

కోర్టులో గెలవని వాళ్లు చట్టసభ వైపు చూస్తారు. అందులో తప్పేమీ లేదు, ప్రజాస్వామ్యంలో ఎవరి వాదన వాళ్లు వినిపించుకోవచ్చు. 2021 జులైలో వాణిజ్య శాఖ మీద పనిచేసే పార్లమెంటరీ స్థాయీ సంఘం తన 161వ నివేదికలో ఈ 52వ సెక్షన్ గురించే మాట్లాడింది. ప్రచురణకర్తలకు, విద్యార్థులకు మధ్య సమతూకం కావాలని చెబుతూ, ఈ కాపీ వెసులుబాటు ప్రభుత్వ విద్యాసంస్థలకు ఉండేలా, అపరిమితంగా కాపీ చేయడానికి హద్దులు ఉండేలా చూడాలని సిఫారసు చేసింది. ఢిల్లీలో కూర్చుని చదివితే ఇది సబబుగానే కనిపిస్తుంది. వరంగల్‌కు వచ్చి చూడండి. ఇక్కడ పేద పిల్లలు ఎంతమంది ప్రైవేటు డిగ్రీ కాలేజీల్లో చదువుతున్నారో మీకు నేను చెప్పాల్సిన పనిలేదు, రీయింబర్స్‌మెంట్ బకాయిల ధర్నాలకు మీరే వచ్చి మాట్లాడతారు. ప్రభుత్వ కాలేజీలో సీటు రాని పిల్లకు ఆ సిఫారసు ప్రకారం చట్టం మారితే అదే అధ్యాయం కాపీ తీసుకునే హక్కు ఉండదు. ఆ సిఫారసు ఇంకా చట్టం కాలేదు. కానీ అది కాగితం మీద ఉంది, ఎప్పుడైనా పైకి తీయవచ్చు.

ఇప్పుడు అమెరికా సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. చందాలు కాపీరైట్ చట్టాన్ని ఎలా నడిపిస్తాయో కాగితాల సాక్షిగా కనిపించేది అక్కడే కాబట్టి.

1998 అక్టోబరు 27న అమెరికాలో ఒక చట్టం వచ్చింది. రచయిత చనిపోయాక 50 ఏళ్లు ఉండే కాపీరైట్‌ను 70 ఏళ్లకు, కంపెనీల పేరున ఉన్న రచనలకు 75 ఏళ్లను 95కు పెంచింది. కొత్తగా రాయబోయే వాటికే కాదు, అప్పటికే రాసి ఉన్నవాటికి, రచయిత ఎప్పుడో పోయినవాటికి కూడా వర్తించింది. 1928లో వచ్చిన తొలి మిక్కీ మౌస్ కార్టూన్ మీద డిస్నీ హక్కు 2003 చివరికి ముగిసిపోవాల్సింది, అది 2023 చివరి దాకా సాగింది. ఆ బిల్లును ప్రతినిధుల సభలో మొదట ప్రతిపాదించినవాళ్లు 13 మంది. వాళ్లలో 10 మంది డిస్నీ రాజకీయ నిధి నుంచి చందా తీసుకున్నవాళ్లు. సెనేట్‌లో ప్రతిపాదించిన 12 మందిలో 8 మంది కూడా అంతే. ఈ లెక్క నా ఊహ కాదు, ఎవరో గిట్టనివాళ్లు పుట్టించిందీ కాదు. అక్కడ అభ్యర్థులు తమకొచ్చిన చందాల జాబితా ఫెడరల్ ఎన్నికల కమిషన్‌కు ఇవ్వాలి, దాన్ని ఎవరైనా చూసుకోవచ్చు. విలేకరులు చూశారు, రాశారు.

చందా తీసుకున్నందుకే వాళ్లు ఆ బిల్లు పెట్టారని నేను నిరూపించలేను. కొందరు మనస్ఫూర్తిగానే నమ్మి ఉండొచ్చు. యూరప్‌లో అప్పటికే 70 ఏళ్లు చేశారు, మనమూ చేయాలన్న వాదన కూడా ఉంది. కానీ ఒక సంగతి చూడండి. రచయితలను ప్రోత్సహించడానికే కాపీరైట్ అంటారు. 1930లో పోయిన రచయితకు 1998లో ఇంకో 20 ఏళ్లు కలిపితే ఆయన లేచి వచ్చి మరో పుస్తకం రాస్తాడా? ఈ ప్రశ్నే అమెరికా సుప్రీంకోర్టు ముందుకు వెళ్లింది. మిల్టన్ ఫ్రీడ్‌మన్‌తో సహా 17 మంది ఆర్థికవేత్తలు, అందులో ఐదుగురు నోబెల్ గ్రహీతలు, కోర్టుకు ఒక పత్రం ఇచ్చారు. ఎన్నో ఏళ్ల తర్వాత రాబోయే ఆ డబ్బును ఇవాళ్టి విలువలో లెక్కగడితే కొత్త రచయితకు దక్కేది నామమాత్రమేనని, పాత రచనలకు పొడిగించడం వల్ల కొత్త సృష్టికి ప్రోత్సాహమే లేదని వాదించారు. 2003 జనవరి 15న కోర్టు 7-2 తేడాతో చట్టాన్ని నిలబెట్టింది. గడువు ఎంతన్నది తేల్చుకోవాల్సింది చట్టసభే అన్నది ఆ తీర్పు సారాంశం. అంటే చట్టసభలో తప్పు జరిగితే కోర్టు కాపాడుతుందన్న భరోసా ఈ విషయంలో లేదు. అందుకే నేను కోర్టుకు కాకుండా మీకు రాస్తున్నాను.

మరో సంఘటన కూడా చెప్పాలి. 2012 జనవరిలో పైరసీ పేరుతో వెబ్‌సైట్లను మూయించే రెండు బిల్లులు అమెరికా కాంగ్రెస్ ముందున్నాయి. జనవరి 18న ఇంగ్లిష్ వికీపీడియా ఒక రోజంతా మూతపడి నిరసన తెలిపింది, లక్షల మంది తమ ప్రతినిధులకు ఫోన్లు చేశారు, బిల్లులు ఆగిపోయాయి. అప్పుడు హాలీవుడ్ స్టూడియోల సంఘానికి అధ్యక్షుడిగా ఉన్న క్రిస్ డాడ్ టీవీలో ఒక మాట అన్నాడు. ఆయన అంతకుముందు ఏళ్లపాటు సెనేటర్‌గా చేసినవాడే. మీ పదవికి ముప్పు వచ్చినప్పుడు చెక్కు రాయమని నా దగ్గరకు వచ్చి, నా పనికి ముప్పు వచ్చినప్పుడు నన్ను పట్టించుకోకపోతే కుదరదు అన్నది ఆ మాట సారాంశం. మామూలుగా ఇలాంటివి తలుపులు మూసి మాట్లాడుకుంటారు. ఆయన కెమెరా ముందే అన్నాడు. ఉప్పు తిన్నవాడు విశ్వాసం చూపాలన్న లెక్క అది. చందా ఇచ్చేవాళ్లు దాన్ని ఎలా చూస్తారో తెలుసుకోవడానికి నాకు ఇంకో సాక్ష్యం అక్కర్లేదు.

కాపీరైట్ చట్టానికి ఈ జబ్బు ఇంత తేలిగ్గా ఎందుకు అంటుకుంటుందో నేను చాలా ఆలోచించాను. లాభపడేవాళ్లు కొద్దిమంది, ఒక్కొక్కరికి వచ్చేది కోట్లలో. నష్టపోయేవాళ్లు కోట్లమంది, ఒక్కొక్కరికి పోయేది వంద రూపాయలో, ఒక పుస్తకమో, ఒక పాటో. ధర పడిపోతే వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చి రైతు రోడ్డెక్కుతాడు, మీరు ఆ రోజే ఫోన్ ఎత్తుతారు. కాపీరైట్ గడువు పదేళ్లు పెరిగిందని రోడ్డెక్కేవాడు ఎవడు? ఆ పుస్తకం చదవాల్సిన పిల్ల ఇంకా పుట్టి కూడా ఉండదు. సభలో ఆమె తరఫున మాట్లాడాల్సింది మీరే.

మన దేశంలో గడువు ఒకసారి పెరిగింది. రవీంద్రనాథ్ ఠాగూర్ 1941లో చనిపోయారు. అప్పటి చట్టం ప్రకారం 50 ఏళ్లకు, అంటే 1991 చివరికి, ఆయన రచనల మీద ఆయనే స్థాపించిన విశ్వభారతి విద్యాసంస్థ హక్కు ముగియాలి. గడువు ముంచుకొస్తుంటే ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది, 1992లో పార్లమెంటు దాన్ని చట్టం చేసింది. 50 కాస్తా 60 అయింది. దీని వెనుక కంపెనీ చందాలేమీ లేవు, విశ్వభారతి మీద గౌరవం ఉంది, బెంగాల్ మనోభావాలున్నాయి. కానీ ఒక్క సంస్థ కోసం మార్చిన చట్టం దేశంలోని ప్రతి రచయితకూ వర్తించింది. గ్రంథాలయోద్యమం కోసం ఊరూరా పుస్తకాలు మోసి, నిజామాబాద్ జైల్లో మగ్గిన వట్టికోట ఆళ్వారుస్వామి 1961లో చనిపోయారు. పాత గడువే ఉంటే ఆయన జీవితకాలంలో అచ్చయిన రచనలు 2012 జనవరి నుంచి అందరివీ అయ్యేవి. 2022 జనవరి దాకా ఆగాల్సి వచ్చింది. తెలంగాణ వచ్చిన ఆ పదేళ్లలో ఏ ఊరి గ్రంథాలయమైనా, ఏ యువజన సంఘమైనా వాటిని అచ్చేసుకోవాలంటే హక్కుదారులను వెతికి అనుమతి తీసుకోవాలి. జనానికి పుస్తకం చేర్చడమే బతుకంతా పనిగా పెట్టుకున్న మనిషి విషయంలో ఇలా జరగడం నాకు కష్టంగా అనిపిస్తుంది. డబ్బు లేకుండానే ఒకరి పలుకుబడికి చట్టం ఇంత వంగితే, దానికి డబ్బు కూడా తోడైతే ఎంత వంగుతుందో ఆలోచించండి.

పార్లమెంటు ఎప్పుడూ పెద్దవాళ్ల మాటే విందని అనడం అన్యాయం. 2012 సవరణ తీసుకోండి. అంతకుముందు పాట రాసినవాళ్లూ బాణీ కట్టినవాళ్లూ నిర్మాతకు సంతకం పెట్టి ఇచ్చేస్తే ఆ పాట రేడియోలో, టీవీలో, సెల్‌ఫోన్ రింగ్‌టోన్లలో ఎంత మోగినా వాళ్లకు పైసా వచ్చేది కాదు. సినిమా హాల్లో సినిమాతో పాటు వినిపించినప్పుడు తప్ప మిగతా చోట్ల రాయల్టీలో వాళ్ల వాటాను ఎవరూ రాయించుకోవడానికి వీల్లేదని ఆ సవరణ చెప్పింది. రాజ్యసభకు నామినేట్ అయిన హిందీ సినిమా పాటల రచయిత జావేద్ అఖ్తర్ దానికోసం సభలో గట్టిగా మాట్లాడారు. నిర్మాతలు, మ్యూజిక్ కంపెనీలు వ్యతిరేకించినా రెండు సభలూ ఆమోదించాయి. అంధులు, ఇతర వికలాంగులు చదువుకునే రూపంలోకి పుస్తకాలు మార్చుకునే వీలు కూడా అదే సవరణలో వచ్చింది. అందుకు ఆనాటి సభ్యులకు చేతులెత్తి మొక్కుతాను.

అదే బిల్లులో ఇంకో సంగతి జరిగింది. విదేశాల్లో చట్టబద్ధంగా అచ్చయిన పుస్తకాన్ని ఇక్కడి హక్కుదారు అనుమతి లేకుండా దిగుమతి చేసుకోవచ్చని బిల్లులో ఒక నిబంధన ఉండేది. విదేశీ పుస్తకాలు చౌకగా వచ్చేందుకు లైబ్రరీలకు అదొక దారి. స్థాయీ సంఘం కూడా దాన్ని సమర్థించింది. ప్రచురణకర్తలు గట్టిగా వ్యతిరేకించారు. 2012లో చట్టమైన పాఠంలో ఆ నిబంధన లేదు. సభలో ఓడిపోలేదు, సభలో ఓటు దాకా రాకముందే తప్పుకుంది. మంత్రిని ఎవరు కలిశారు, ఏం చెప్పారు, ఎవరెవరు ఏ పార్టీకి ఎంత ఇచ్చారు అన్నది చూసుకోవడానికి మనకు ఒక్క రిజిస్టరు లేదు. తప్పు జరిగిందని నేను ఆరోపించడం లేదు. జరగలేదని నమ్మడానికి కాగితం కావాలంటున్నాను.

ఇక అసలు విషయం. అమెరికా సభ్యుడు చాలాసార్లు పార్టీ మాట కాదని తన ఇష్టప్రకారం ఓటేయగలడు. అందుకే అక్కడ కంపెనీలు ఒక్కొక్క సభ్యుడికీ చందా ఇచ్చుకోవాలి. మీ పరిస్థితి వేరు. 1985లో రాజ్యాంగంలో పార్టీ ఫిరాయింపులను అడ్డుకునే పదో షెడ్యూలు వచ్చాక ఇలాగే ఓటేయాలని పార్టీ విప్ జారీ చేస్తే దానికి వ్యతిరేకంగా ఓటేసిన సభ్యుడి పదవే పోవచ్చు. కాబట్టి ఇక్కడ కంపెనీ మీ ఇంటి మెట్లెక్కాల్సిన అవసరం లేదు, పార్టీ ఆఫీసుకు వెళ్తే చాలు. మీ సొంత ఖాతాలో ఒక్క రూపాయి పడకపోయినా మీ ఓటు మీద ఆ డబ్బు ప్రభావం ఉండవచ్చు. 2002, 2003లో సుప్రీంకోర్టు చెప్పిన దగ్గర్నుంచి మీ ఆస్తులు, అప్పులు, కేసులు అఫిడవిట్‌లో రాస్తున్నారు, మంచిదే. కానీ మీ ఓటును శాసించే పార్టీ ఖాతా మాత్రం మాకు సమయానికి కనిపించదు.

2018 నుంచి ఎలక్టోరల్ బాండ్ల పేరుతో అసలే కనిపించకుండా చేశారు. కంపెనీ తన మూడేళ్ల సగటు లాభంలో ఏడున్నర శాతానికి మించి ఇవ్వకూడదన్న పరిమితిని కూడా 2017లో తీసేశారు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ పథకాన్ని కొట్టేసింది. ఓటరుకు సమాచారం తెలుసుకునే హక్కు ఉందని, కంపెనీలిచ్చే చందాలు ప్రతిఫలం ఆశించి చేసే వ్యాపార లావాదేవీలని ఆ తీర్పు తేల్చి చెప్పింది. బయటికొచ్చిన లెక్కల్లో 2019 ఏప్రిల్ నుంచి 2024 జనవరి వరకు బీజేపీకి సుమారు 6,060 కోట్లు, కాంగ్రెస్‌కు సుమారు 1,421 కోట్లు, మన రాష్ట్రంలోని బీఆర్ఎస్‌కు సుమారు 1,214 కోట్ల రూపాయలు అందాయి. ఎక్కువ బాండ్లు కొన్నవాళ్లలో రెండో స్థానం హైదరాబాద్ కంపెనీదే, 966 కోట్లు. కోర్టు గట్టిగా పట్టుబట్టకపోతే ఇందులో ఒక్క అంకె కూడా మాకు తెలిసేది కాదు.

బాండ్లు పోయాయి, కానీ పాత దారులు అలాగే ఉన్నాయి. 20 వేల రూపాయల లోపు చందా ఇచ్చినవాళ్ల పేరు పార్టీ చెప్పనక్కర్లేదు. ఎలక్టోరల్ ట్రస్టులో పది కంపెనీలు డబ్బు వేసి, ట్రస్టు దాన్ని నాలుగు పార్టీలకు పంచితే, ఏ కంపెనీ రూపాయి ఏ పార్టీకి చేరిందో తెలుసుకోవడం కష్టం. అన్నిటికంటే పెద్ద చిక్కు కాలం. ఒక కంపెనీ ఏప్రిల్‌లో ఇచ్చిన చందా ఆ ఆర్థిక సంవత్సరం ముగిశాక, ఆదాయపు పన్ను గడువు నాటికి ఇచ్చే నివేదికలో చేరుతుంది. అంటే ఏడాదిన్నర దాకా పట్టొచ్చు. ఈలోగా బిల్లు పెట్టడం, చర్చ, ఓటు, రాష్ట్రపతి సంతకం అన్నీ అయిపోతాయి. పంట అమ్ముకున్నాక ధర చెప్పడం లాంటిది ఇది. కాపీరైట్ లాంటి చట్టంలో ఒక్క కామా మారినా కోట్ల రూపాయలు అటూ ఇటూ అవుతాయి కాబట్టి, ఈ ఆలస్యం చిన్న విషయం కాదు.

మన దేశంలో, చట్టాలు తమకు అనుకూలంగా వచ్చేలా సభ్యులను, మంత్రులను ఒప్పించే లాబీయింగ్‌కు చట్టమే లేదు. 2012 డిసెంబరులో వాల్‌మార్ట్ భారత మార్కెట్లో పెట్టుబడుల అంశంతో సహా లాబీయింగ్‌కు ఖర్చు పెట్టిందని మన పార్లమెంటు దద్దరిల్లింది. ఆ సంగతి మనకు తెలిసింది వాళ్లు అమెరికా చట్టం ప్రకారం అమెరికా సెనేట్‌కు సమర్పించిన కాగితాల నుంచి. మన ఇంటి సంగతి తెలుసుకోవడానికి మనం పక్కింటి రికార్డులు చూడాల్సి వచ్చింది. ఇంకో పక్క అమెరికా వాణిజ్య ప్రతినిధి కార్యాలయం కాపీరైట్ లాంటి హక్కులను సరిగా కాపాడని దేశాలంటూ ఏటా ఒక జాబితా విడుదల చేసి అందులో మన దేశాన్ని నిఘా పట్టికలో పెడుతుంది. అక్కడి సినిమా, సంగీతం, ప్రచురణ కంపెనీల కూటమి దానికి ముందే తన ఫిర్యాదులు, కోరికలు రాసి ఇస్తుంది. కాబట్టి వాషింగ్టన్‌లో పడే చందా వాషింగ్టన్‌లోనే ఆగదు.

అది పరకాల దాకా వస్తుంది. నాకు తెలిసిన ఒక గాయకుడు ఉన్నాడు. వాళ్ల అమ్మమ్మ పాడిన బతుకమ్మ పాటను డప్పు, తాళాలతో పాడి యూట్యూబ్‌లో పెట్టాడు. కొన్నాళ్లకు ఒక మ్యూజిక్ కంపెనీ పేరుతో కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది. అదే పాటను వాళ్లు ఎప్పుడో రికార్డు చేశారట. వాళ్ల రికార్డింగ్ మీద వాళ్లకు హక్కుంది, నిజమే. తరతరాలుగా వాడల్లో పాడుకుంటున్న పాట మీద ఎవరికీ లేదు. కానీ ఆ తేడా చెప్పుకోవడానికి ఇతను ఇంగ్లిష్‌లో ఒక ఫారం నింపాలి, పేరు, అడ్రసు ఇవ్వాలి, కోర్టుకు వెళ్తామన్న హెచ్చరిక చదివి ఒప్పుకోవాలి. భయపడి వదిలేశాడు. ఆ పాట మీద వచ్చిన యాడ్ డబ్బులు కంపెనీకి వెళ్లాయి. హక్కుదారు నోటీసు ఇస్తే ఆ పాటనో వీడియోనో వెబ్‌సైటు తీసేసే పద్ధతిని తెచ్చిన అమెరికా చట్టం మీద 1998 అక్టోబరు 28న సంతకమైంది, నేను పైన చెప్పిన 20 ఏళ్ల పొడిగింపుకు సరిగ్గా మర్నాడు. యూట్యూబ్ క్లెయిమ్ పద్ధతి ఆ నేల మీద పెరిగిందే. ఆ చట్టం రాసేటప్పుడు డప్పు కొట్టే మనిషి గురించి ఆలోచించమని అడిగినవాళ్లు ఆ గదిలో ఉండే అవకాశమే లేదు.

ఇప్పుడు రాబోయే ఏఐ చర్చ మరింత పెద్దది. డీపీఐఐటీ పేపర్ ప్రకారం కంపెనీలు విడివిడిగా అనుమతులు అడగక్కర్లేదు, బదులుగా రాయల్టీ కట్టాలి, దాన్ని ఒక కేంద్ర సంస్థ వసూలు చేసి హక్కుదారులకు పంచాలి. మంచో చెడో చర్చించవచ్చు. నాకు భయం ఎక్కడంటే, ఈసారి రెండు వైపులా డబ్బున్నవాళ్లే ఉన్నారు. ఒకవైపు సినిమా, సంగీతం, ప్రచురణ సంస్థలు, మరోవైపు వాటిని మించిన టెక్ కంపెనీలు. మధ్యలో ములుగులో కథలు రాసే టీచరమ్మ, జగిత్యాలలో ఒగ్గుకథ చెప్పే బృందం. రాయల్టీ పంచే సంస్థలో సభ్యత్వం లేని వాళ్లకు ఎలా చేరుతుంది, రికార్డు కాని నోటి సాహిత్యానికి ఎవరు హక్కుదారు, విద్యార్థి పరిశోధనకు మినహాయింపు ఉంటుందా అన్న ప్రశ్నలు మీరు వేయకపోతే ఇంకెవరూ వేయరు.

అమెరికాలో అన్నీ కనిపించినా 1998లో ఆగలేదు కదా అని మీరు అనవచ్చు. నిజమే, చూడగానే ఆగదు. కానీ ఎవరి వెనుక ఎవరున్నారో జనానికి తెలిసింది కాబట్టే 2012లో ఆ రెండు బిల్లులు ఆగాయి. 20 ఏళ్ల పొడిగింపు అయిపోయి 2019 జనవరి 1న 1923 నాటి రచనలు జనం పరం అవుతున్నప్పుడు మరోసారి పొడిగించమని అడిగే సాహసం అమెరికా కాంగ్రెస్‌లో ఎవరూ చేయలేదు. లెక్క బయట ఉంటే జనం నెమ్మదిగానైనా నేర్చుకుంటారు.

కాబట్టి మీరు చేయగలిగిన పనులు అడుగుతున్నాను. వీటికి కొత్త చట్టం అక్కర్లేదు. కాపీరైట్ బిల్లు సభకు వచ్చేముందు, గడిచిన మూడేళ్లలో సినిమా, సంగీతం, ప్రచురణ, ప్రసార, టెక్ కంపెనీల నుంచి నేరుగా గానీ ట్రస్టుల ద్వారా గానీ మీ పార్టీకి వచ్చిన డబ్బు వివరాలు పార్టీని అడిగి తీసుకుని తెలుగులో ప్రకటించండి. ఏమీ రాకపోతే రాలేదని రాసి సంతకం పెట్టండి. ఆ బిల్లు మీద మిమ్మల్ని కలిసిన కంపెనీల, సంఘాల ప్రతినిధుల పేర్లు, తేదీలు మీ ఆఫీసు బయటపెట్టాలి. రాజ్యసభలో సభ్యుల ఆర్థిక ప్రయోజనాల రిజిస్టరు ఉంది, డైరెక్టర్ పదవులు, కన్సల్టెన్సీలు, నియంత్రణ స్థాయి వాటాలు అందులో రాయాలి. లోక్‌సభకు అలాంటిది లేదు, ఉండాలని మీరు అడగండి. మీలో ఎవరికైనా సినిమా నిర్మాణంలోనో, టీవీ చానల్లోనో, విద్యా సంస్థల్లోనో వాటా ఉంటే బిల్లు చర్చలో లేచిన వెంటనే ఆ మాట చెప్పి, తర్వాత వాదన మొదలుపెట్టండి.

2014 ఫిబ్రవరి నాటి చట్టపూర్వ సంప్రదింపుల విధానం ప్రకారం ముసాయిదాను కనీసం 30 రోజులు జనం ముందు ఉంచాలి. ఇంగ్లిష్ వెబ్‌సైటులో పెట్టి ముప్పై రోజులు లెక్కపెడితే మా ఊళ్లకు చేరదు. ముసాయిదా సారాంశం తెలుగులో తెప్పించి, హనుమకొండలో, కరీంనగర్‌లో, నిజామాబాద్‌లో ఒక్కో సమావేశం పెట్టండి. జిరాక్స్ షాపుల వాళ్లను, జానపద గాయకులను, లైబ్రరీ వాళ్లను, పరిశోధక విద్యార్థులను, చిన్న ప్రచురణకర్తలను కూడా పిలవండి. ప్రచురణకర్తలు నాకు శత్రువులు కారు. అప్పు చేసి వెయ్యి కాపీలు అచ్చేసి అమ్ముకోలేక బాధపడే తెలుగు ప్రచురణకర్త బాధ నాకు తెలుసు, ఆయన పుస్తకం పీడీఎఫ్ అయి వాట్సాప్‌లో తిరిగితే నేనూ కోపగించుకుంటాను. ఆయనకు ఢిల్లీలో లాబీ లేదు, పార్టీకి చందా ఇచ్చే శక్తి లేదు. చట్టం ఆయన్నూ మా పిల్లల్నీ ఒకే గదిలో కూర్చోబెట్టి విని రాస్తే బాగుంటుంది.

హాల్ దొరకకపోతే మా కాలేజీ సెమినార్ హాల్ అడిగి ఇప్పించే ప్రయత్నం చేస్తాను. ఆదివారమైతే పిల్లలకు కూడా వీలవుతుంది. మీ జవాబు ఉత్తరంగా వచ్చినా, ప్రెస్‌మీట్‌లో చెప్పినా, సభలో ప్రశ్నగా వేసినా సరే. బిల్లు సభకు రాకముందే రావాలన్నది ఒక్కటే నా విన్నపం.

ఇట్లు,
ఒక డిగ్రీ కాలేజీ లైబ్రేరియన్,
హనుమకొండ